పేషెంటు తాలూకు

క్యాన్సర్ మీద జరిగే పరిశోధనలు వెతికేదీ, క్యాన్సర్ వచ్చిన మనిషి వెతుక్కునేదీ ఒకటేనని వైద్యలోకం చాలాకాలం అనుకుంటూ వచ్చింది. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో చూడడానికి పూనుకున్న సంస్థల్లో బ్రిటన్‌లో 2004లో ఏర్పడిన జేమ్స్ లిండ్ అలయన్స్ ముఖ్యమైనది. స్కర్వీ జబ్బుకు నారింజ, నిమ్మ పండ్లు పనిచేస్తాయని 1747లో ఓడమీద నావికులకిచ్చి పోల్చి చూపిన నౌకావైద్యుడి పేరు పెట్టుకున్న ఈ సంస్థ, ఒక్కొక్క జబ్బుకు సంబంధించిన రోగులను, వారిని చూసుకునేవారిని, వైద్య సిబ్బందిని ఒకచోట కూర్చోబెట్టి, ఇంకా జవాబు దొరకని ప్రశ్నల్లో ముందుగా దేన్ని తేల్చాలో వారిచేతనే వరుస కట్టిస్తుంది. రకరకాల జబ్బుల మీద ఇలా తయారైన వరుసలను పరిశోధనశాలల్లో నిజంగా జరుగుతున్న పనితో పోల్చి 2015లో ఒక అధ్యయనం వెలువడింది. రోగులూ వైద్యులూ కలిసి తేల్చమని అడిగిన చికిత్సల్లో మందుల వాటా 18 శాతమే కాగా, కంపెనీలు డబ్బు పెట్టి చేయించిన పరీక్షల్లో అది 86 శాతమనీ, ఇతర నిధులతో నడిచిన పరీక్షల్లో 37 శాతమనీ ఆ పోలికలో తేలింది.

అదే 2015లో, జబ్బు నయమయ్యే దశ దాటినవారి సంరక్షణ మీద కూడా అలాంటి వరుస ఒకటి తయారైంది. జబ్బును తొలగించలేకపోయినా నొప్పిని, ఆయాసాన్ని, దిగులును తగ్గించి, మిగిలిన రోజులను బతకదగినవిగా చేసే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు, తెలుగులో ఉపశమన చికిత్స అనవచ్చు. ఆ వరుసలో మొదటి స్థానం ఏ కొత్త మందుకూ దక్కలేదు. ఆస్పత్రి పనివేళలు కాని సమయంలో, అంటే రాత్రిళ్లూ సెలవు రోజుల్లోనూ, రోగి పరిస్థితి చేయిదాటకుండా, అతడు ఉండాలనుకున్న చోటనే ఉండేలా సహాయం అందించే మంచి పద్ధతి ఏది అన్న ప్రశ్నకు దక్కింది. బ్రిటన్ లాంటి దేశంలోనే రాత్రి మొదటి స్థానంలో నిలిచిందంటే, శ్రీకాకుళం, ఆదిలాబాదు పల్లెల్లోని రాత్రి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వారానికి 168 గంటలు. రేడియేషన్ తీసుకునే రోగి వారంలో ఐదు రోజులు, రోజుకు కొన్ని నిమిషాలు యంత్రం కింద పడుకుంటాడు, కీమో ఎక్కించుకునే రోగి చాలా సందర్భాల్లో మూడు వారాలకొకసారి ఒక పూటో ఒక రోజో ఆస్పత్రిలో గడుపుతాడు. మిగతా గంటలన్నీ ఇంటివారి చేతుల్లోనే వెళ్లదీయవలసినవి.

ఆ గంటలను మోసే మనిషికి తెలుగు ఆస్పత్రుల్లో ఒక పేరుంది. వార్డు తలుపు దగ్గర నర్సు "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని పిలుస్తుంది, భార్య, కొడుకు, మేనకోడలు, పక్కింటి కుర్రవాడు, ఎవరున్నా ఆ పిలుపుకు లేచి నిలబడతారు. సంబంధం అనే అర్థంలో ఉర్దూ నుంచి వచ్చి, ఒకప్పుడు రెవెన్యూ విభాగానికి కూడా పేరైన ఈ మాట ఇప్పుడు నిలిచి ఉన్న చోట్లలో ఆస్పత్రి వరండా ఒకటి. పుస్తకాలు వాడే "సంరక్షకుడు" అనే మాటను అక్కడ ఎవరూ పలకరు. మాట సంగతి ఎలా ఉన్నా, మందులు తెచ్చేందుకు, సంతకం పెట్టేందుకు, రక్తం ఇచ్చేవారిని వెతికేందుకు మాత్రమే ఆ మనిషిని పిలుస్తారు తప్ప, అతడికో ఆమెకో ఏమైనా కావాలా అని అడిగేందుకు పిలవరు.

అడగడానికి సాధనాలు లేక కాదు. రోగికి ఏయే అవసరాలు తీరకుండా ఉన్నాయో కొలవడానికి ఆస్ట్రేలియా పరిశోధకులు రూపొందించిన ప్రశ్నావళిని ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. 34 ప్రశ్నలున్న దాని సంక్షిప్త రూపం అవసరాలను ఐదు విధాలుగా చూస్తుంది: మనసుకు సంబంధించినవి, సమాచారానికీ ఆస్పత్రి వ్యవస్థకూ సంబంధించినవి, ఒంటికీ రోజువారీ పనులకూ సంబంధించినవి, సిబ్బంది ఆదరణకు సంబంధించినవి, దాంపత్య జీవితానికి సంబంధించినవి. చివరిది మన దగ్గర దాదాపు ఎప్పుడూ నోటికి రాదు. రొమ్ము తీసేసిన తర్వాత, గర్భాశయ ముఖద్వారానికి రేడియేషన్ ఇచ్చిన తర్వాత భార్యాభర్తల మధ్య ఏమి మారుతుందో చెప్పే బాధ్యత డాక్టరుదా నర్సుదా అన్నది తేలక, చివరికి ఎవరూ చెప్పకుండానే ఆ స్త్రీ ఇంటికి వెళ్లిపోతుంది.

సమాచారం సంగతి ఇంకా చిక్కైనది. తెలుగు కుటుంబాల్లో క్యాన్సర్ అని తేలిన రిపోర్టు చాలాసార్లు రోగి చేతికి రాదు. కొడుకో అల్లుడో డాక్టరును పక్కకు పిలిచి "ఆయనకు మాత్రం చెప్పకండి, తట్టుకోలేరు" అని బతిమాలడం, డాక్టరు సరేననడం, అక్కడినుంచి ఇంట్లో గడ్డ, పుండు, ఇన్ఫెక్షన్ అనే మాటలతో కాలం నెట్టడం మామూలు. ఒంట్లోంచి చిన్న తునక తీసి సూక్ష్మదర్శిని కింద చూసే బయాప్సీ "ముక్క పరీక్ష" అవుతుంది, రేడియేషన్ "కరెంటు పెట్టడం" అవుతుంది. ఈ మాటలు మోసపు మాటలేమీ కావు, జనం తమకు తాముగా కల్పించుకున్న సులువైన మాటలు. కానీ క్యాన్సర్ అనే ఒక్క మాట మాత్రం వాటి నడుమ కనిపించదు. ఉపశమన వైద్యులు దీనిని కుటుంబమూ డాక్టరూ కలిసి పాటించే మౌనంగా గుర్తిస్తారు. ఆ మౌనం ప్రేమలోంచి పుట్టిందేనని ఒప్పుకుంటూనే, దానివల్ల జరిగే నష్టాన్ని కూడా చెబుతారు. క్యాన్సర్ ఆస్పత్రి బోర్డు కింద నుంచే వార్డులోకి నడిచి, జుట్టు రాలిన మనుషుల మధ్య కూర్చున్న రోగికి సంగతి తెలియకుండా ఉండడం అరుదు. తెలిసీ తెలియనట్టు అతడూ నటించవలసి రావడంతో, పొలం ఎవరిపేర రాయాలి, చిన్నమ్మాయి పెళ్లి ముందుకు జరపాలా, చివరి రోజులు ఆస్పత్రిలోనా ఇంట్లోనా అన్నవి ఒక్కటీ మాట్లాడుకోకుండానే సమయం గడిచిపోతుంది. కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాన్ని యంత్రాలతో సాగదీయవద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించి, ఆ పద్ధతిని 2023 జనవరిలో సులభతరం చేసింది. తన జబ్బేమిటో తెలియని మనిషి అలాంటి కాగితం ఎలా రాయగలడు?

ఈ విషయంలో తెలుగువారికి బాగా గుర్తున్న సందర్భం ఒకటి ఉంది. సినీనటుడు అక్కినేని నాగేశ్వరరావు 2013 అక్టోబరులో, తొంభయ్యో ఏట, పత్రికలవారిని పిలిచి తనకు క్యాన్సర్ ఉన్నదని తానే ప్రకటించారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. దాచడమే ఆనవాయితీ అయిన చోట రోగే స్వయంగా చెప్పడం వల్ల, ఆ తర్వాతి నెలల్లో ఆయన పరిస్థితి గురించి ఇతరులు గుసగుసలాడవలసిన పని లేకపోయింది. అయినా మన పత్రికలు నేటికీ "క్యాన్సర్‌తో పోరాడి ఓడిన" అన్న వాక్యాన్ని వదులుకోలేదు. మందు పనిచేయకపోవడాన్ని మనిషి ఓటమిగా రాయడం ఎంతవరకు న్యాయమో ఆ వాక్యం రాసేవారు ఆలోచించుకోవాలి.

రోగిని ఏమి కావాలని అడిగితే, దశ ఏదైనా, నొప్పి తగ్గాలనే కోరిక ముందువరుసలో వినిపిస్తుంది. చివరిదశ రోగుల సంరక్షణ కోసం లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్, నర్సుగానూ సామాజిక కార్యకర్తగానూ పనిచేసి ఆ తర్వాత డాక్టరైన మనిషి. నొప్పి అంటే నరాల్లోనిదే కాదనీ, అందులో దిగులు, అప్పు, పిల్లల గురించిన బెంగ, దేవుడి మీద కోపం కూడా కలిసి ఉంటాయనీ చెప్పి, దానికి సంపూర్ణ వేదన అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఒంటి నొప్పికి మాత్రం దారి ఎప్పుడో దొరికింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో మూడు మెట్ల పద్ధతిని ప్రకటించింది. మొదటి మెట్టు పారాసిటమాల్ వంటి మామూలు మాత్రలు, రెండోది కోడీన్ వంటి మధ్యరకం మందులు, మూడోది మార్ఫిన్. వీలైనంతవరకు నోటిద్వారా, నొప్పి వచ్చాక కాకుండా గడియారం ప్రకారం ఇవ్వాలన్నది ఆ పద్ధతిలోని సూత్రం. మామూలు మార్ఫిన్ మాత్ర ప్రభావం నాలుగు గంటలే ఉంటుంది కాబట్టి, రాత్రి పడుకునేముందు రెట్టింపు మోతాదు ఇచ్చి, అర్ధరాత్రి రోగినీ పక్కన పడుకున్నవారినీ లేపవలసిన పని లేకుండా చేయడం ఈ వైద్యులు పాటించే చిన్న ఏర్పాటు. దానితోపాటు మలబద్ధకానికి మందు తప్పనిసరిగా రాస్తారు. ఆ రెండో మందును అనవసరమనుకుని మానేసిన ఇళ్లలో, వారం తిరగకుండానే మార్ఫిన్‌ను కూడా తిట్టుకుని మానేస్తారు.

మార్ఫిన్‌కు ముడిసరుకైన నల్లమందును చట్టబద్ధంగా పండించి విదేశాలకు పంపే దేశంలోనే మార్ఫిన్ మాత్ర దొరకని పరిస్థితి రావడం వెనుక ఒక చట్టం ఉంది. మాదకద్రవ్యాల అక్రమ రవాణాను అరికట్టడానికి 1985లో తెచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఆస్పత్రులు ఒక్కో కొనుగోలుకు ఎన్నో అనుమతులు తెచ్చుకోవలసి రావడంతో, లెక్క తేడావస్తే జైలన్న భయంతో చాలా చోట్ల ఆ మందును ఉంచడమే మానుకున్నారు. దేశంలో మార్ఫిన్ వాడకం 1985లో 716 కిలోలు ఉండగా 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. మందు ఖరీదు కొన్ని రూపాయలే, ఆ మందు లేక అరిచిన రాత్రులు ఎన్నో ఏ పట్టికలోనూ లేవు. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్లతరబడి కృషి చేయగా, 2014లో ఆ చట్టాన్ని సవరించి, మార్ఫిన్ సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా ప్రకటించి, గుర్తింపు పొందిన ఆస్పత్రి ఒకే అనుమతితో వాటిని ఉంచుకునే వీలు కల్పించారు. చట్టం మారినంత త్వరగా భయం మారలేదు. మార్ఫిన్ ఇస్తున్నారంటే ఇక చివరి రోజులు వచ్చాయనీ, మత్తుకు అలవాటు పడతాడనీ బంధువులు మాత్రను దాచేస్తారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు పర్యవేక్షణలో వాడినప్పుడు వ్యసనం కలగడం అరుదన్న సంగతి రోగికి కాదు, ముందుగా ఆ మాత్రను చేతిలో పెట్టుకున్నవారికి చెప్పాలి.

ఇక తిండి. తెలుగింట్లో ప్రేమ అన్నం రూపంలోనే బయటపడుతుంది కాబట్టి, రోగి ముద్ద మింగలేకపోవడం చూసుకునేవారికి తమ వైఫల్యంగా తోస్తుంది. దానికితోడు పథ్యం అనే పాత అలవాటు. గుడ్డు వేడి, పెరుగు జలుబు, వంకాయ దురద, మాంసం పుండుకు చెరుపు అని ఒక్కొక్కటే మానిపిస్తారు. చివరికి, ఒంటికి మాంసకృత్తులు మామూలుకంటే ఎక్కువ కావలసిన మనిషి చారన్నం మీదో జావ మీదో మిగులుతాడు. కీమో తీసుకునేవారికి నోటి రుచి మారిపోయి నీళ్లు కూడా లోహంలా అనిపిస్తాయి. తలకూ మెడకూ రేడియేషన్ పడినప్పుడు నోటి లోపలి పొర పుండ్లు పడుతుంది. పుట్టినప్పటినుంచి ఆవకాయ, గోంగూర తిన్న నోటికి కారం మెతుకు తగిలినా మంటెక్కుతుంది. అలాంటప్పుడు మెత్తగా ఉడికించిన పప్పు, గుడ్డు, పెరుగన్నం, వేరుశనగ పొడి కలిపిన జావ గోరువెచ్చగా, కొద్దికొద్దిగా, రోజుకు ఆరేడుసార్లు ఇవ్వడం మేలు. అయితే జబ్బు బాగా ముదిరిన దశలో జరిగేది వేరు. కణితి కారణంగా శరీరమంతటా మార్పులు వచ్చి కండ కరిగిపోయే స్థితిని కేకెక్సియా అంటారు, ఎంత తినిపించినా ఆ కండ తిరిగి రాదు. అక్కడ మనిషి తిననందువల్ల నీరసించడం లేదు, జబ్బు వల్లనే తినలేకపోతున్నాడు. ఈ మాట ఒక్కసారి ఎవరైనా కూర్చోబెట్టి చెబితే, చెంచా పట్టుకుని బతిమాలే భార్యకూ, పెదవులు బిగించుకునే భర్తకూ మధ్య మిగిలిన దినాలు తగవులేకుండా గడిచే అవకాశం ఉంటుంది.

డబ్బు అవసరం గురించి వేరే చెప్పనక్కరలేదు, కానీ ఏ డబ్బు అన్నది చెప్పాలి. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం క్యాన్సర్‌కు ఒకసారి ఆస్పత్రిలో చేరితే సగటున ప్రభుత్వ ఆస్పత్రిలో సుమారు 22,500 రూపాయలు, ప్రైవేటు ఆస్పత్రిలో సుమారు 93,000 రూపాయలు వైద్యానికి ఖర్చయ్యేవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఈ భారాన్ని చాలావరకు మోసింది. తెలంగాణ 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది, ఆంధ్రప్రదేశ్‌లో అది ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. ఆపరేషనుకూ, కీమోకూ, కరెంటుకూ పథకం డబ్బు కడుతుంది. ఐదారు వారాల రేడియేషన్ కోసం హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర గది అద్దెకు తీసుకున్న కూలీకి ఆ వారాల కూలి ఎవరు కడతారు? చికిత్స ఖర్చు, ఆదాయనష్టం కలిసి కుటుంబాన్ని కుంగదీయడాన్ని నిపుణులు ఆర్థిక విషప్రభావం అంటున్నారు. మందుకు దుష్ఫలితం ఉన్నట్టే బిల్లుకూ ఉంటుందని దాని భావం. ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకు రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా ఇచ్చే ఆరోగ్య ఆసరాను ఆంధ్రప్రదేశ్ 2019 డిసెంబరులో మొదలుపెట్టినప్పుడు, పోయిన కూలి కూడా జబ్బు ఖర్చులో భాగమేనని ప్రభుత్వం లెక్కలోకి తీసుకున్నట్టయింది. అదీ రోగి కూలి మాత్రమే, పక్కన కూర్చున్నవారిది కాదు.

పక్కనున్నవారిని లెక్కలోకి తీసుకున్న పాత వ్యవస్థ, చిత్రంగా, రైల్వే. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో పూర్తి ఛార్జీ మినహాయింపు ఉంది, వెంట వెళ్లే ఒకరికి 75 శాతం. రాయలసీమవారు వెల్లూరుకో చెన్నై అడయారుకో, ఉత్తర తెలంగాణవారు ముంబై పరేల్‌కో చికిత్స కోసం వెళ్లిన దశాబ్దాల్లో ఈ మినహాయింపు కాగితం ఎందరినో గమ్యం చేర్చింది. హైదరాబాదులో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి తోడు విశాఖ శివారు అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, తిరుపతిలో కొత్త క్యాన్సర్ సంస్థ రావడంతో దూరాలు కొంత తగ్గాయి. దూరం తగ్గినా బస అవసరం పోలేదు. క్యాన్సర్ వచ్చిన పిల్లల కుటుంబాలకు చికిత్స పూర్తయ్యేవరకు ఉచితంగా నీడనిచ్చే సెయింట్ జూడ్ కేంద్రాలు 2006లో ముంబైలో మొదలై హైదరాబాదుకూ వచ్చాయి. పెద్దవారి విషయంలో అలాంటి ఏర్పాట్లు చాలా తక్కువ.

మళ్లీ రాత్రి దగ్గరికే రావాలి. కీమో ఎక్కించిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య రక్తంలోని తెల్లకణాలు అడుగంటుతాయి. ఆ సమయంలో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం మామూలు జ్వరం కాదు, గంటల్లో యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కకపోతే ప్రాణం పోవచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే రోగి ఊళ్లో ఉంటాడు. రాత్రి పదకొండింటికి ఒళ్లు కాలితే ఇంటివారు పారాసిటమాల్ వేసి, తెల్లవారాక ఊళ్లోని ఆర్‌ఎంపీ వైద్యుడిని పిలుస్తారు, పొద్దుటికి ఆలస్యమైపోతుంది. వాళ్లది అజ్ఞానమని తీర్పు చెప్పడం సులభం. చేతిలో ఉన్న డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటే, అందులో జ్వరం సంగతి చివరి పేజీలో ఉంటే, ఫోన్ నంబరు పనివేళలకు మాత్రమే పలికితే తప్పు ఎవరిదని అడగడం మేలు. థర్మామీటరు ఒకటి, తెలుగులో పెద్ద అక్షరాలతో నాలుగు వాక్యాలు, రాత్రి ఎత్తే ఫోను ఒకటి: క్యాన్సర్ వైద్యంలో ఇంతకంటే చవకైన పరికరం లేదు.

ఫోను ఎత్తేవారు ఉండే పద్ధతి అసాధ్యమేమీ కాదని కేరళ చూపించింది. కోజికోడ్‌లో 1993లో మొదలైన ఉపశమన వైద్య సంఘం, ఇరుగుపొరుగువారినే స్వచ్ఛంద సేవకులుగా తయారుచేసి, నర్సులను ఇళ్లకు పంపుతూ పెరిగింది. 2008లో దేశంలో మొదటిసారిగా ఆ రాష్ట్రం దీనికొక విధానాన్ని ప్రకటించింది. తెలంగాణలో ప్రభుత్వమే నడిపే పాలియేటివ్ కేంద్రాలకు తోడు, "ఆలన" పేరిట నర్సులతో వాహనాలు ఇళ్లకు వెళుతున్నాయి. పుండుకు కట్టు కట్టడం, ముక్కుగొట్టంలో పాలు పోయడం, మంచంలో ఉన్న మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి ఒరుపుడు పుండ్లు రాకుండా చూడడం, కడుపుకు అమర్చిన సంచీ మార్చడం వంటివి ఇంటివారికి చేసి చూపడమే అలాంటి సందర్శనలో పెద్ద ఫలం. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు పదినిమిషాల్లో నోటితో చెప్పిన దానికీ, సొంత ఇంట్లో, సొంత మంచం మీద నేర్చుకున్న దానికీ చాలా తేడా ఉంటుంది.

ఆ నేర్చుకునేది ఎక్కువగా ఆడవారే. రోగి పురుషుడైతే భార్య, వృద్ధురాలైతే కోడలు లేదా కూతురు. రోగి భార్యే అయినప్పుడు లెక్క తారుమారై, పుట్టింటి నుంచి తల్లో చెల్లెలో రావాలి, రాలేని చోట ఆమె కీమో మర్నాడే పొయ్యి దగ్గర నిలబడుతుంది. సంరక్షణ భారాన్ని కొలిచేందుకు జారిట్ అనే పరిశోధకుడి పేరుతో వాడుకలో ఉన్న 22 ప్రశ్నల పట్టికలో, మీకంటూ సమయం లేకుండా పోతోందా, మీ ఆరోగ్యం చెడిందా అనే అర్థం వచ్చే ప్రశ్నలుంటాయి. వాటికి అవునని చెప్పడం పాపమనుకునే సంస్కారం మనది. విసుగు రావడం, ఇది ఎప్పుడు ముగుస్తుందోనని ఒక క్షణం అనిపించడం, అలా అనిపించినందుకు తర్వాత ఏడవడం సహజమేనని చెప్పేవారు ఆమెకు ఇంట్లో దొరకరు.

మరణం తర్వాత కూడా ఇంటి సందర్శన ఒకటి ఉండాలని ఉపశమన వైద్యం చెబుతుంది. మిగిలిన మార్ఫిన్ మాత్రలను వెనక్కి తీసుకోవడం దానికి ఒక కారణం, ఇంటివారు ఎలా ఉన్నారో చూడడం అసలు కారణం. తెలుగునాట మొదటి పదకొండు రోజులూ ఇల్లు నిండా మనుషులుంటారు, పెద్దకర్మ అయిన మర్నాటికి ఖాళీ అవుతుంది. అందువల్ల ఆ సందర్శన రెండో నెలలోనో మూడో నెలలోనో జరిగితే ఉపయోగం ఎక్కువ. ఏడాదిగా ఇంకొకరి మందుల వేళలే గుర్తుపెట్టుకున్న మనిషి తన బీపీ మాత్ర వేసుకుంటున్నదా, రాత్రి నాలుగు గంటలకు అలవాటుగా మెలకువ వచ్చి మళ్లీ నిద్రపడుతున్నదా అన్నవి అప్పుడు ఆమెను అడగవలసిన ప్రశ్నలు.